అల లేని చార

హెడ్ కానిస్టేబులు పరంధామయ్యకు సముద్రం మీద మొదటినుంచీ మంచి అభిప్రాయం లేదు. పుట్టింది పుత్తూరులో, నూనె గానుగ ఇంట్లో. ఉద్యోగం సగం చిత్తూరులో, సగం తిరుపతిలో గడిచిపోయింది. నలభై రెండు వేసవిలో ఉత్తరాన ఉన్న తెలుగు రేవుల మీద జపాను బాంబులు పడేసరికి, ఆయన్ను తెచ్చి శ్రీహరికోట ఇసుకదిబ్బ మీద కూర్చోబెట్టి, శత్రువు వస్తాడేమో చూస్తూ ఉండమన్నారు. ఊరికే చూసే రకం కాదాయన. పెళ్లిపంక్తిలో వడ్డించిన పప్పును కూడా అనుమానంగా కెలికి చూసే రకం.

మూడు రోజులుగా ఆయన కన్ను ఒక చార మీద పడింది. సముద్రమంతా సన్నసన్న అలలతో కదులుతుంటే, ఒడ్డుకు అరమైలు దూరంలో ఒక పొడవాటి పట్టీ మాత్రం నున్నగా మెరుస్తోంది. నీళ్ల మీద నూనె పడితే ఎలా ఉంటుందో గానుగింటి బిడ్డకు ఒకరు చెప్పాలా? జపాను సబ్‌మెరీను ఏదో అడుగున దాక్కుని నూనె కారుస్తోందని తేల్చుకున్నాడు. పైగా చెంగయ్య అనే జాలరి ప్రతి పొద్దూ తెప్ప వేసుకుని సూటిగా ఆ చార దగ్గరికే పోతున్నాడు. వాళ్లకు మంచినీళ్లు మోస్తున్నాడో, కబుర్లే మోస్తున్నాడో!

పిలిపించి అడిగాడు.

"నూనె కాదు సామీ, సముద్రం జిడ్డు," అన్నాడు చెంగయ్య తాపీగా. "నీళ్లల్లో కంటికి ఆనని నాసు, పురుగు పుట్టి సస్తా ఉంటాయి. వాటి జిడ్డు పైకి తేలి, పాలమీద మీగడ మాదిరి పల్సంగా పరుసుకుంటాది. సిన్న అలల్ని లేవనీదు. రెండుపక్కల నీళ్లు వచ్చి కలిసేకాడ అది చేరతాది, మేతా చేరతాది, సేపా చేరతాది. అందుకే ఆడికి పోతా ఉండా. గాలి లేస్తే సెదిరిపోతాది."

నిజం చెప్పేవాడు ఇంత తడుముకోకుండా చెబుతాడా? పరంధామయ్య అనుమానం రెట్టింపైంది.

మర్నాడు పొద్దున్నే చెంగయ్య తెప్పే ఎక్కి చార దగ్గరికి వెళ్లాడు. నురగ, ఎండుటాకులు, నాచువాసన. నూనెవాసన మాత్రం లేదు. జపానువాళ్లు గడుసువాళ్లు, వాసన తీసేసి ఉంటారనుకున్నాడు. ఒక కాగితాన్ని నీళ్ల మీద అద్ది, ఒడ్డుకు వచ్చి ఎండలో ఆరబెట్టాడు. వాళ్ల నాయన నేర్పిన పరీక్ష అది. నీటిమరక ఆరితే పోతుంది, నూనెమరక నిలుస్తుంది. కాగితం ఆరింది. మూలన మరక నిలిచింది.

"ఇప్పుడేమంటావురా?"

"అదెట్లా వచ్చిందో నాకు తెలీదు సామీ."

చెంగయ్యను కాపలా గదిలో పెట్టి తాళం వేశాడు. రిపోర్టు రాసి, వెంకటముని అనే కానిస్టేబులుతో పులికాటు సరస్సు అవతలికి పంపాడు. యుద్ధకాలంలో శత్రువుకు సాయపడ్డాడంటే ఆ మనిషి మళ్లీ ఎన్నేళ్లకు ఇల్లు చేరతాడో తెలియదు. ఆ సంగతి తెలిసే రాశాడు.

సాయంత్రం ఇంటికి ఉత్తరం రాద్దామని మిగిలిన తెల్లకాగితాలు తీశాడు. వాలుపొద్దు వెలుగులో ప్రతి కాగితం మూలనా అదే మరక, బొటనవేలంత. పరంధామయ్య తన చేతులు చూసుకున్నాడు. యుద్ధం వచ్చినా సరే, పుత్తూరు నుంచి తెప్పించుకున్న సొంత గానుగ నువ్వులనూనె తలకు దట్టంగా పట్టించనిదే ఆయన గడప దాటడు. ఆ చేత్తోనే కాగితం మూల పట్టుకుని అద్దాడు. నూనెలో పుట్టి పెరిగి, తన వేళ్ల నూనె తానే కనిపెట్టలేకపోయినందుకు సిగ్గుతో ఆయనకు అన్నం సయించలేదు.

తెల్లవారగానే తాళం తీశాడు.

"చెంగయ్యా, ఇంకొక్కసారి నన్ను ఆడికి తీసకపో."

బూడిదతో చేతులు తోమి తోమి కడుక్కుని, కొత్త కాగితం తెప్పించుకుని వెళ్లాడు. చార మీద అద్ది, తెప్ప మీదే ఆరబెట్టి, వెలుతురుకు పట్టి చూశాడు. మరక లేదు.

"తప్పు నాదే అబ్బా," అన్నాడు. చెంగయ్య తెప్పను ఒడ్డువైపు తిప్పాడు. అప్పుడే గాలి లేచింది. నున్నటి పట్టీ ముక్కలుముక్కలై అలల్లో కలిసిపోయింది.

ఒడ్డున ఇన్‌స్పెక్టరు జయరావు నిలబడి ఉన్నాడు. పక్కనే వెంకటముని. ఇన్‌స్పెక్టరు కట్లు లేని ఖైదీని చూశాడు, తరవాత సముద్రాన్ని చూశాడు.

"నూనె యాడయ్యా?"

పరంధామయ్య చెప్పాడు. నాచు, పురుగు, జిడ్డు, గాలి, తన తలనూనె, అన్నీ చెప్పి కాగితం చేతికిచ్చాడు.

"ఏమీ లేని తెల్లకాగితం సూపించి నమ్మమంటే ఎట్లా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నిన్న నూనె ఉండాదని నువ్వే రాసినావు. నేను వచ్చే లోపల ఖైదీని ఇడిపించి, ఇద్దరూ కలిసి సముద్రం మీదికి పోయినారు. నూనె మాయమయింది. ఎవురికి కబురు సెప్పి వచ్చినారు?"

అలాంటి ప్రశ్నకు జవాబు ఉండదని పరంధామయ్యకు తెలుసు. ఇన్నేళ్లూ తాను అడిగినవన్నీ అలాంటివే.

ఇద్దరి చేతులనూ ఒకే తాడుతో కట్టి పడవెక్కించారు. పులికాటు మధ్యకు వచ్చాక పరంధామయ్య గొంతు తగ్గించి, "ఒక్క మాటన్నా నమ్మలేదు సూడు," అన్నాడు.

"నేను సెప్పినప్పుడూ అంతే గద సామీ," అన్నాడు చెంగయ్య. ఆ మాటలో కోపం కూడా లేదు. తాడు పరంధామయ్య మణికట్టును ఒరుసుకుంటుంటే, అది వదులయ్యేలా చెంగయ్య తన చెయ్యి కాస్త ఇటు జరిపాడు. అలా జరిపినందుకు పరంధామయ్యకు ఏడుపు ఆగలేదు.