ఎడమవైపు వెనక టైరు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేవాళ్ళు ఇద్దరు. ఒకరు కోడలు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, పొద్దుటి డ్యూటీ, కాబట్టి ఆమెకు తప్పదు. రెండో మనిషి మామగారు. ఆయనకు ఏ డ్యూటీ లేదు. బస్సు డిపోలో ఒక జీవితకాలం టైర్లు విప్పి, బిగించి, గాలి కొట్టి రిటైరైపోయాడు. వీధిలో అందరికీ ఆయన డిపో పెద్దాయన. హాయిగా ముసుగుతన్ని పడుకోవచ్చు. ఆయన భార్య అదే చేస్తుంది. ఎండ మొహమ్మీద పడేదాకా లేచేది లేదని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసిందట, ఇంతవరకూ మాట తప్పలేదు.

పెద్దాయన లేచేది కోడలి కారు టైరు కోసం. ఎడమవైపు వెనక టైరు. తెల్లారేసరికి దాన్లో గాలి కొంత దిగిపోయి ఉంటుంది. పూర్తిగా చతికిలబడదు, అలాగని పోనీలే అని బండి తీయడానికీ వీల్లేదు. అందుకని ఆయన షెడ్డులో లైటు వేసి, డిపో రోజులనాటి కాలిపంపు తగిలించి, గోడ పట్టుకుని తొక్కుతాడు. ఈలోగా కోడలు రెండు కప్పుల కాఫీ తెచ్చి, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుంటుంది. ఆయన తొక్కుతుంటాడు, ఆమె మాట్లాడుతుంటుంది. గాలి నిండాక ఆయన కాఫీ తాగుతాడు, అప్పుడు ఆయన వంతు.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇలా ఉండేది కాదు. "భోంచేశారా మామయ్యా?" అంటే "ఆఁ, చేశానమ్మా" అనేవాడు. అక్కడితో సరి. ఆయనకు ఆడపిల్లలు లేరు. ఉన్న ఒక్క కొడుకూ చిన్నప్పుడు నిద్ర లేచేసరికి ఈయన డిపోలో ఉండేవాడు, ఈయన ఇంటికి చేరేసరికి వాడు నిద్రలో ఉండేవాడు. దాంతో ఇంట్లోవాళ్ళతో ఏం మాట్లాడాలో పాపం ఆయనకు అలవాటు కాలేదు. అలాంటిది, ఒకరోజు పొద్దున టైరు మెత్తబడి కోడలు దిక్కుతోచక నిలబడితే, అటక మీంచి పంపు దింపి తొక్కాడు. ఆమె ఫోను లైటు పట్టుకుంది. తొక్కిన ప్రతిసారీ పంపు ముసలి బాతులా అరుస్తుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. ఆమెను చూసి ఈయనకూ ఆగలేదు. అదిగో, అప్పుడు మొదలైంది. సూది చూడగానే దబ్బున కూలిపోయిన వస్తాదు కథ, పైఆఫీసరు సణుగుడు, కన్నతల్లికి కూడా చెప్పుకోలేని బెంగలు, అన్నీ ఆ డబ్బా మీద కూర్చునే చెప్పేది. రోజు మొత్తం మీద ఆయన కోసం ఒక మనిషి ఎదురుచూసే సమయం అదొక్కటే. అది ఆయనకు ప్రాణంతో సమానం.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ టైరుకు పంక్చరు లేదు. గాలి పోయేదల్లా వాల్వు లోపలి పిన్ను దగ్గర. వేలితో కాస్త ఉమ్మి తీసి వాల్వు మూతి మీద రాస్తే బుడగ పొంగుతుంది. మొదటి వారంలోనే ఆయన రాసి చూశాడు, పొంగింది. చిటికెనవేలి గోరంత పిన్ను మారిస్తే రోగం కుదిరిపోతుంది. అలాంటి పిన్నులు ఆయన పనిముట్ల డబ్బాలో గుప్పెడున్నాయి. కానీ మార్చలేదు. కోడలు పంక్చరు షాపులో చూపిద్దామంటే, తనే చక్రం విప్పి తీసుకెళ్ళాడు. షాపతను నీళ్ళతొట్టిలో ముంచి, "పిన్ను లీకండీ" అనగానే, "ఆ సంగతి నేను చూసుకుంటాలే" అని వెనక్కి తెచ్చేశాడు. కోడలితో మాత్రం, "మేకూ లేదు గీకూ లేదమ్మా. కొన్ని టైర్ల తత్వమే అంత" అన్నాడు. అన్నాడు గానీ, ఆ పూట అన్నం సహించలేదు. రోజూ నేను కొడుతూనే ఉన్నాగా, పిల్లకి వచ్చిన లోటేముంది అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మధ్యలో కొడుకు ఒకసారి ఫోన్లో చూసి గాలి కొట్టే మిషను తెప్పించాడు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ వస్తువు. నెల తిరక్కుండానే పొగ కక్కి ఊరుకుంది. పెద్దాయన పైకి "అయ్యో" అన్నాడు. లోపల మాత్రం పండగే.

ఇంతలో మోకాలు మొరాయించింది. ఒక పొద్దున సగం తొక్కాక ఆగిపోయి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. కోడలు చెబుతున్న కబురు ఆపి, కప్పు కింద పెట్టి వచ్చింది. పంట్లాము పైకి లాగి చూస్తే మోకాలు పొంగి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"అబ్బే, నిన్న మెట్టు దిగుతుంటే కాస్త..."

"అబద్ధాలు ఆడకండి మామయ్యా. మీకు చేతకాదు."

పెద్దాయన తేలు కుట్టిన దొంగలా పంట్లాము కిందకి లాక్కున్నాడు.

"ఆదివారం వెళ్ళి మిషను కొందాం" అంది కోడలు. "మీ అబ్బాయి తెచ్చినలాంటిది కాదు. గట్టిది. ఏళ్ళకేళ్ళు చెక్కుచెదరకూడదు. మీరే ఎంచండి, మీకంటే తెలిసినవాళ్ళెవరు?"

పెద్దాయన మధ్యాహ్నం భార్యతో ఆ మాట చెబితే ఆమె కూరలు తరుగుతూ, తల ఎత్తకుండానే, "మంచిదేగా. మీటనొక్కితే గాలి నిండిపోతుంది. ఇక మీకు పొద్దున్నే పనేముంది? నాలాగే సుఖంగా పడుకోండి" అంది. ఆవిడ మంచికే అంది. కానీ ఆ సుఖం తలుచుకుంటేనే ఆయనకు భయం వేసింది.

ఆదివారం ఇద్దరూ పనిముట్ల షాపుకు వెళ్ళారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కూర్చున్న షాపాయన మూడు మిషన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి చార్జింగ్ పెట్టుకునేది. నీలం లైటు, నున్నటి ఒళ్ళు, చూడముచ్చటగా ఉంది. రెండోది కారులో సిగరెట్టు లైటరు సాకెట్టుకు తగిలించేది. మూడోది మొద్దు స్వరూపం, నల్లగా, ఇనప సిలిండరుతో, కరెంటు ప్లగ్గుతో ఉంది. దానికి అందం చందం ఏమీ లేదు.

పెద్దాయనకు చూడగానే అర్థమైంది. ఆ నీలం లైటుదాని బ్యాటరీ ఎంతోకాలం నిలవదు. లోపలి పళ్ళచక్రాలు ప్లాస్టిక్, గొట్టం మెలి తిప్పిన చోటల్లా చిట్లుతుంది. రెండు మూడు నెలల్లో మూలపడుతుంది. మూలపడితే మళ్ళీ కాలిపంపు కిందకి దిగుతుంది. అప్పటికి మోకాలు కూడా తగ్గుతుంది. దేవుడిచ్చిన తోవలా తోచింది ఆయనకు.

"ఇది... ఇది బానే ఉందమ్మా" అని నీలం లైటుదాన్ని ముందుకు తోశాడు.

"సరే, ఇది ఇచ్చేయండి" అంది కోడలు వెంటనే, షాపాయనతో. ఎందుకని అడగలేదు. తిప్పి చూడలేదు. మిగతా రెండింటి వంక కన్నెత్తి చూడలేదు. మామయ్య చెప్పారు కాబట్టి అయిపోయిందన్నట్టు సంచి తెరిచింది.

ఒక్క ప్రశ్న అడిగినా ఆయన గట్టిగా నిలబడేవాడేమో. ఆ నమ్మకం ముందు మాత్రం నిలబడలేకపోయాడు. రోజూ కోడలు డ్యూటీకి వెళ్ళే, ఇంకా చీకటి విడవని వంతెన రోడ్డు కళ్ళముందు కనబడింది. పక్కనుంచి దూసుకుపోయే లారీలు, మధ్యలో మెత్తబడిన టైరుతో ఈ పిల్ల. డిపోలో ఎవరో ముక్కూమొహం తెలియని జనం ఎక్కే బస్సుకు కూడా ఏనాడూ నాసిరకం పని చేయలేదు. ఇంట్లో పిల్లకు చేస్తున్నాడు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆగమ్మా" అన్నాడు. "అది వద్దు. నా బుద్ధి గడ్డి తింది."

అప్పుడు పెద్దాయన పని మొదలుపెట్టాడు. నల్లదాన్ని ఎత్తి బరువు చూశాడు. గొట్టం మెలితిప్పి వదిలాడు, మడత పడకుండా తిన్నగా వచ్చింది. మూతికి వేలు పెట్టి, వాల్వు మీద మరతో బిగించే ఇత్తడి తలకాయేనని నిర్ధారించుకున్నాడు. నొక్కి పట్టుకునే ప్లాస్టిక్ తలకాయ ఏడాదికే వదులైపోతుందని కోడలికి చెప్పాడు. షాపాయన్ని ప్లగ్గు పెట్టమని, నడుస్తున్న మిషను మీద అరచెయ్యి వేసి ఉంచాడు, ఎంతసేపటికి వేడెక్కుతుందో చూడాలని. వాషర్లు, పిస్టన్ రింగులు విడిగా దొరుకుతాయా అని అడిగాడు. షాపాయన కూడా హుషారుగా డ్రాయరు లాగి చూపించాడు. ఎంత గాలి కావాలో అంకె పెడితే, అది రాగానే దానంతటదే ఆగిపోతుందని కూడా చెప్పాడు.

"ఇంట్లో షెడ్డులో వాడుకోవడానికి ఇదే" అన్నాడు పెద్దాయన. "మొద్దుదే గానీ నమ్మకమైనది."

"ఎన్నాళ్ళు వస్తుందండీ?" అని షాపాయన్ని అడిగింది కోడలు.

"బాగా చూసుకుంటే పదేళ్ళు ఢోకా లేదమ్మా."

"పదేళ్ళేనా? చాలదే!" అంది కోడలు.

పెద్దాయనకు ఆ మాట ముల్లులా దిగింది. పదేళ్ళపాటు నా అవసరం లేకపోయినా చాలదా ఈ పిల్లకి, అనుకున్నాడు. మిషను తనే మోసుకొచ్చి కారులో పెట్టాడు.

మర్నాడు పొద్దున మిషను పెట్టారు. అది గుర్రుమని షెడ్డంతా అదరగొట్టింది. కోడలు ఏదో చెప్పబోతే వినబడలేదు. వినబడేలోగా దానంతటదే టక్కున ఆగింది. కాఫీ మీద ఆవిరైనా తగ్గలేదు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాల్వు మూత బిగించి, కాసేపాగి మళ్ళీ బిగించాడు. ఆ మధ్యాహ్నమంతా కోడలికి తలనొప్పట, పని ఎక్కువట, ఇంటికొచ్చి ఎక్కువ మాట్లాడకుండా పడుకుంది. పెద్దాయన అది కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి పనిముట్ల డబ్బా తెరిచాడు. తన పని ఎలాగూ పోయింది, ఇంకా ఈ లీకు ఎవరి కోసం? పాత పిన్ను విప్పి పారేశాడు. కొత్తది బిగించి, గాలి నింపి, ఉమ్మి రాసి చూశాడు. బుడగ రాలేదు. ఎన్నాళ్ళకో గుండె తేలికైంది. తేలికైన గుండెతోనే ఆ పెయింటు డబ్బా మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు. ఎవరూ చూడలేదు.

తెల్లవారుజామున మెలకువ వచ్చినా ఆయన లేవలేదు. దుప్పటి ముసుగు పెట్టుకుని, పక్కన భార్య గురక వింటూ పడుకున్నాడు. తలుపు మీద చప్పుడైంది.

"మామయ్యా! గాలి కొట్టరూ?"

"మిషనుందిగా తల్లీ. మీటనొక్కితే సరి."

"నాకు రాదు."

రాకపోవడమేమిటి, ల్యాబులో దాని తాతల్లాంటి మిషన్లను ఆడిస్తుంది! ఆయన సణుక్కుంటూ, మోకాలు పట్టుకుని లేచాడు. షెడ్డులో రెండు కప్పులూ సిద్ధంగా ఉన్నాయి. కోడలు గాలి కొలిచే మీటరు తగిలించి చూసింది. గాలి నిండా ఉంది. రాత్రి ఎంత ఉందో అంతే ఉంది. ఆమె ముందు అంకె వంక చూసింది, తర్వాత తళతళలాడుతున్న కొత్త పిన్ను వంక, తర్వాత ఆయన వంక.

"పిన్ను మార్చేశారా?"

"అదే... మొన్న చూస్తే కాస్త లీకున్నట్టు..."

"మొన్న కాదు. మొదటి వారం నుంచీ" అంది కోడలు. "పంక్చరు షాపతను నాకు ఎప్పుడో చెప్పాడు. 'పిన్ను లీకు సంగతి మీ మామగారు చూసుకుంటానన్నారు, చూశారా అమ్మా' అని."



"తెలిసీ... మరి నువ్వెందుకు మార్పించలేదమ్మా?"

"మారిస్తే మీరు లేస్తారా? నేనెవరితో మాట్లాడి డ్యూటీకి వెళ్ళాలి? రోజూ బయల్దేరే ముందు మీరు మీటరు చూస్తారని, టైరంతా తడిమి చూస్తారని నాకు తెలుసు, అందుకే భయం వేయలేదు. మీ మోకాలు చూశాకే భయం వేసింది. అందుకే మిషను. టైరు లీకవుతూనే ఉండాలి, మీ కాలు మాత్రం నొప్పెట్టకూడదు." ఆమె ముక్కు ఎగబీల్చింది. "పదేళ్ళు చాలదన్నాను కదా షాపులో. మిషను గురించి అనుకున్నారా?"

పెద్దాయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టకపోయినా.

కోడలు టైరు పక్కన గొంతుక్కూర్చుంది. వాల్వు మూత తీసి, ఇంటి తాళంచెవి కొనతో కొత్త పిన్నును నొక్కి పట్టింది. స్స్‌మని గాలి పోయింది. మీటరు పెట్టి చూసి, తృప్తిగా లేచింది.

"ఇదిగో, తగ్గింది. కొట్టండి మామయ్యా."

"గోల చేస్తుంది కదమ్మా అది" అన్నాడు పెద్దాయన. "ముందు కాఫీ తాగుదాం. ఇంతకీ నిన్న ఆ తలనొప్పి ఎందుకొచ్చింది?"

కోడలు పెయింటు డబ్బా ముందుకు లాక్కుంది.