అరిగిన కొక్కెం

తిలకవతి కూలిపోయినప్పుడు నేను పదడుగుల దూరంలో ఉన్నాను, కామ్రేడ్స్. అన్నూరు మిల్లుకి పంపు షాఫ్టు ఇవ్వడానికి వెళ్ళాను. షిఫ్టు దిగిన ఆడపిల్లల్ని హాస్టల్లో పెట్టి గేటుకి తాళం వేస్తారక్కడ. జ్వరమొచ్చినా, ఊళ్ళో తల్లి చచ్చినా ఆ తాళం తియ్యరు. ఆ రోజు తిలకవతి షిఫ్టు దిగి లోపలికి పోకుండా గేటు బయటే నిలబడి, "తాళం తీయండి" అంది. అంతే అంది. మిల్లు యజమాని, మేం మొదలాళి అనే రాఘవేంద్రన్ పిస్టల్ ఎత్తాడు. పేలింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల!

"బెదిరించడానికే ఎత్తాను. తాతల నాటి పిస్టల్, లోపలి సామానంతా అరిగిపోయింది, దానంతటదే పేలింది" అన్నాడు పెద్దమనిషి. పోలీసులు అదే రాసుకున్నారు. నేను చూసింది మాత్రం రాసుకోలేదు.

తుడియలూరులో మా వర్క్‌షాపుకి వచ్చి ఈ మాట చెప్పగానే ఫిట్టర్ నారాయణన్ మామ చేతిలోని ఆకురాయి కిందపడింది. ముప్పై ఏళ్ళలో ఆయన పనిముట్టు జారవిడవడం నేనెరగను.

"అరిగిందన్నాడా? పోయిన నెలే అంతా మార్చిస్తినే జీవా!"

తాతా, తండ్రీ, కొడుకూ తోటలో టెంకాయలకి గురిపెట్టి కాల్చి కాల్చి ఆ పిస్టల్‌ని పాడుచేశారు. తూటాని కొట్టే సుత్తిని ఆపి పట్టుకునే చిన్న కొక్కెం నున్నగా అరిగింది, స్ప్రింగులు సడలాయి. లైసెన్సున్న షాపులో అయితే రికార్డు ఉంటుందని రాఘవేంద్రన్ మా షెడ్డుకే వచ్చాడు. "మనోళ్ళని కాక ఎవర్ని నమ్మేది మామా?" అని, అరవదేశంలో మేం తెలుగోళ్ళం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అడిగాడు. అంత పెద్ద మొదలాళి నోరారా మామా అన్నాడు కదా, ఈ వెర్రి మనిషి కరిగిపోయాడు. కొత్త కొక్కెం చేశాడు, స్ప్రింగులు మార్చాడు. నొక్కకుండా పేలదని పదిసార్లు చూసుకుని మరీ ఇచ్చాడు.

మా దగ్గర డ్రాయింగులుండవు, పాత సామానే కొలత. అందుకని తీసేసిన ముక్క ఏదైనా కాగితంలో చుట్టి, పేరూ తేదీ రాసి డబ్బాలో వేస్తాం. ఆ పొట్లం ఉంది.

"చెప్తే నిన్నే లోపలేస్తారు మామా. లైసెన్సు లేకుండా విప్పినావని," అన్నాను.

ఆయన భార్య ముత్తులక్ష్మి అత్త క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. "అయ్యో సామీ! సక్కెర జబ్బు మనిషి, జైల్లో నాలుగు దినాలు బతకడు. ఆ పొట్లం ఇట్లియ్యి, బాయిలో ఏస్తాను!" అని ఏడ్చింది.

"అది నా చేతి పని ముత్తూ. ఆ పాప నా చేతి పనితోనే సచ్చింది," అన్నాడు మామ.

ఆ సాయంత్రం మా షెడ్ల పనివాళ్ళ సంఘంలో కొట్లాడుకున్నాం. "ఎంతైనా మనోడు, పరువు తియ్యొద్దు" అన్నారు సగం మంది. నాకు ఒళ్ళు మండింది. "మనోడైతే వాడి కూతుర్ని ఆ హాస్టల్లో పెట్టి తాళమెయ్యమను!" అన్నాను. మర్నాడు షెడ్లు మూసి నలభై మందిమి బస్సెక్కాం.

మిల్లు హాస్టల్ గేటు దగ్గరే పోలీసు అధికారి విచారణ. మామని చూసి రాఘవేంద్రన్ నవ్వాడు. అరవం తప్ప రాని అధికారికి అర్థం కాకూడదని తెలుగులో, "ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ మామా. మీ కుటుంబాన్ని నేను చూసుకుంటాను," అన్నాడు.

మామ అరవంలో జవాబిచ్చాడు. మమ్మల్ని తిట్టినా తెలుగులోనే తిట్టే మనిషి. గేటు చువ్వలు పట్టుకున్న పిల్లలందరికీ అర్థం కావాలని గొంతు చించుకుని చెప్పాడు. "పిస్టల్ బాగుచేసింది నేనే. ఇదిగో తీసేసిన పాత కొక్కెం, ఇదిగో తేదీ. వేలు పెట్టి నొక్కితే తప్ప అది పేలదు." పొట్లం విప్పి ఎత్తి పట్టుకున్నాడు. మేమందరం ఫోన్లలో ఫోటోలు తీశాం.

"లైసెన్సుందా నీకు?" అని అడిగాడు అధికారి. మొదట అదే అడిగాడు! చంపినవాడికి కుర్చీ వేశారు, మామని వ్యానులోకి తోసి తాళం వేశారు. చూడండి వీళ్ళ న్యాయం! "మాత్రలైనా ఇచ్చుకోనీండయ్యా!" అని అత్త వెనక పరిగెత్తింది. ఆమె చేతి మీద లాఠీ పడింది. మాత్రలు దుమ్ములో దొర్లాయి.

వ్యాను కిటికీలోంచి మామ అరిచాడు. "జీవా! నా సంచిలో రంపం ఉండాది, ఆ పిల్లల తాళం కొయ్యి. చూస్తా నిలబడినావేమిరా?"

మిగిలిన మావాళ్ళంతా గేటు చుట్టూ గోడలా నిలబడ్డారు. లాఠీలు వాళ్ళ వీపుల మీద పడుతున్నాయి. నేను రంపం పట్టుకుని హాస్టల్ తాళం కోశాను. నా తల పగిలింది, రంపం ఇంకొకడు అందుకున్నాడు. వాడు పడితే మరొకడు. తాళం తెగింది.

పిల్లలు పారిపోతారనుకున్నాను. ఒక్కతీ పారిపోలేదు. రెండువందల మందీ వచ్చి వ్యాను ముందు నేల మీద కూర్చున్నారు. మామ ఉన్న వ్యాను తలుపు చూపించి, తిలకవతి అన్న మాటే అన్నారు.

"తాళం తీయండి."