సారలమ్మ చేతి బువ్వ

...గట్ల గాదు బిడ్డా ప్రజ్ఞా, హన్మయ్య సంగతి ముందుగాల రాయకు. ఆయన సంగతి ఆయనే నలుగురికి జెప్పుకుంటడు, నాచారమంత ఎరికే. మీ సారలమ్మవ్వ సంగతి రాయి. నేను మెల్లగ జెప్త, నువ్వు మెల్లగనే రాయి. ఉరుకకు.

యాడిదాక వచ్చినం? ఆఁ, శ్రావణ పున్నమి.

ఆ పొద్దు సారలమ్మ ఐదు గొట్టంగ లేసి తానం జేసి పొయ్యి ముట్టించింది. ఇంటికి భంతే వస్తున్నడు. భంతే అంటే బౌద్ధుల సన్యాసి, గుండు జేసుకొని కాషాయం కట్టుకుంటడు గదా, ఆయన. వానకాలం మూడు నెల్లు వాళ్లు ఊర్లు తిరగరు, ఒక్కకాన్నే ఉంటరు. ఈ ఏడు ఒక భంతే ఉప్పల్ల ఉన్నడు. మనోళ్లంత ఇంటికొక దినం వంతు పెట్టుకొని బువ్వ పెడ్తున్నరు. పున్నమి వంతు సారలమ్మకు వచ్చింది. వచ్చిందంటే వచ్చిందా, చీటీలేస్తుంటే ఎవ్వలనీ ఎత్తనియ్యక, "పున్నమి నాదే" అని పట్టుబట్టి దీసుకుంది.

ఆమెకు గంత పట్టు ఎందుకంటే జెప్త, ఇది మంచిగ రాయి.

ఆమె పెనిమిటి హన్మయ్య ముప్పై ఏండ్లు దారం మిల్లుల పనిజేసిండు. అండ్లనే నలుగురితోని తిరుక్కుంట బుద్ధుని దారి పట్టిండు, దీక్ష దీసుకున్నడు. సారలమ్మ జెల్ది ఒప్పుకోలే. "నువ్వు మొక్కేది నువ్వు మొక్కు, నేను మొక్కేది నేను మొక్కుత" అనేది. మూడేండ్ల కింద ఒక ఆదివారం ఊరికెనే హన్మయ్యెంబడి ఉప్పల్‌కు బుద్ధవందనకు పోయింది. టైర్ల దుకాణం మీద రేకుల రూము. గోడకు బుద్ధుని ఫొటో, పక్కన బాబాసాహెబ్ ఫొటో. కింద చాపలు. పోయినోళ్లంత ఒక్క తీర్గ కూసున్నరు, నువ్వు ముందల, నువ్వు ఎన్క అనేది లేదు. ఎనకకు కూసోబోతుంటే ఒక పెద్దమనిషి "ఇట్ల రామ్మా" అని జరిగి జాగ ఇచ్చిండు. సారలమ్మకు గదే కొట్టింది గుండెల. ఇగ ఒక్క ఆదివారం తప్పలే.

పొద్దున లేసి కొవ్వొత్తి ముట్టిస్తది, రెండు పూలు పెడ్తది. బుద్ధం శరణం, ధమ్మం శరణం, సంఘం శరణం అంటది. ఐదు శీలాలు జెప్పుకుంటది. జీవాన్ని సంపొద్దు, ఇయ్యంది దీసుకోవద్దు, పరాయోళ్ల జోలికి పోవద్దు, అబద్ధమాడొద్దు, తాగొద్దు. "నాలుగోదే నన్ను సంపుతుందే" అని మనుమరాలు కావ్యతోని అనేది. పక్కింటామె చక్కెరకొస్తే లేదని జెప్పే అలవాటాయె. ఇప్పుడు లేదని అనరాదు, ఇయ్యబుద్ధి గాదు. ఇగ ఇచ్చుడే. కండ్లు మూసుకొని ఊపిరి మీద మనసు పెట్టమంటరు గదా, గది గూడ జేస్తది. ఊపిరి మీద పెట్టిన మనసు పది ఊపిర్లు గాకముందే పొయ్యి మీది పప్పుకాడికి ఉరుకుతది. మల్ల పట్టుకొస్తది. మల్ల ఉరుకుతది. "భంతే, నా మనసు మేకపిల్ల" అని ఒకనాడు నిండు సభల జెప్పింది. "అందరిదీ గంతే అమ్మా, పట్టుకొచ్చుడే పని" అన్నడాయన.

ఇగ బువ్వ సంగతి. సారలమ్మ చిన్నప్పుడు ఊర్లె కూలికి పోయేది. ఎండలల్ల దూపైతే దొరింటోళ్లు ఎత్తున నిలవడి దోసిట్ల నీళ్లు పోసేటోళ్లు. చెంబు తాకనియ్యకపోదురు. ఆమె వండింది తినుడు ఎక్కడిది, ఆమె ముట్టింది ముట్టకపోదురు. పట్నమొచ్చి నలభై ఏండ్లాయె, ఎవ్వలూ అడగరు, గాని ఆ నీళ్లు పడ్డ సప్పుడు ఆమె చెవులకెళ్లి పోలే. అందరు మొక్కే మనిషి తన చేతి బువ్వ తినాలె, తన కండ్ల ముందల తినాలె. గదీ ఆమె కోరిక. ఇంకేం అడగలే.

సరే. పదిన్నరకు ఉమామహేశ్వర్ సారు కారుల భంతేను దెచ్చిండు. ఈ సారు సైనిక్‌పురిల ఉంటడు, సర్కారు సైంటిస్టుగ జేసి రిటైరయ్యిండు, సంఘంల లెక్కాపత్రం టైమూ అంత ఆయనే సూస్తడు. "పన్నెండుకు వచ్చి తీసుకెళ్తాను, ఉప్పల్‌లో చిన్న పని ఉంది" అని పోయిండు. ఆనాడు రాఖీ పండుగ. ఉప్పల్ చౌరస్తల ట్రాఫిక్ సంగతి నీకెరికే గదా, ఇగ జెప్పుడెందుకు.

భంతే అంత పెద్దోడేం గాదు, ముప్పై ఏండ్లుంటయ్, కరీంనగర్ దిక్కు పిలగాడు. సారలమ్మ వంగి దండం బెట్టంగ ఆయన నవ్విండు. వందన అయ్యింది, నాలుగు ముచ్చట్లు జెప్పిండు. గల్లీలోళ్లు పదిమంది వచ్చిన్రు. పక్కింటి భూషణం ముందలనే కూసున్నడు. రైల్వేల జేసి దిగిన మనిషి, నోరూకోదు.

"హన్మయ్య బావా, మీకు దేవుడు లేడంటరు గదా, మరి గా పూలెవనికి?"

"దారి జూపినాయనకు. నువ్వు ముప్పై ఏండ్లు రైల్ల జేస్తివి, పచ్చజెండ ఊపినోనికి ఎన్నడన్న దండం బెట్టినవా?"

"దండమెక్కడిది బావా, ఊపకుంటే తిట్టిన."

అందరు పకపక నవ్విన్రు, భంతే గూడ నవ్విండు. నవ్వి, "పూలు ఆయనకు గావాలని గాదు తాతా. మాపటికల్ల ఇవి వాడిపోతయ్. నేను గూడ గిట్లనే అని నాకు యాదికుండాలని పెడ్త" అన్నడు.

"పొద్దుపొద్దున గంత మాటంటివి!" అని భూషణం మొఖం జరసేపు సప్పవడ్డది. మల్ల లేసి, "మరి కోరికలెవరు తీరుస్తరు?" అని సురువు జేసిండు. హన్మయ్యకు గిదే గావాలె. పై కండువ సదురుకొని మొదలువెట్టిండు.

ఇటు వంటింట్ల అంత తయ్యారు. పెసరపప్పు, బీరకాయ కూర, పచ్చిపులుసు, అన్నం, బెల్లమన్నం. జొన్నరొట్టెల పిండి తడిపి పెట్టింది. రొట్టె వేడివేడిగ వెయ్యాలెనని ఆమె పట్టు. చుట్టమెవలొచ్చినా సారలమ్మ ఇంట్ల ఒక పద్ధతుంది. వచ్చినోళ్లు "ఇగ పెట్టమ్మా" అనాలె, లేకుంటే లేసి చేతులు కడుక్కోవాలె. అప్పుడు పెనం పొయ్యెక్కుతది. అడగని మనిషికి పెడ్తే, తిని తొందరగ పొమ్మన్నట్టు ఉంటదని ఆమె లెక్క.

ఆమె గడప కాడికొచ్చి సూసింది. భంతే ఏం అనలే. మల్లొచ్చింది. "మంచినీళ్లు తెమ్మంటరా భంతే?" నవ్విండు. "ఆకలైతుందా?" అన్నది. మల్ల నవ్విండు. గంతే.

"పాపం, ఇంక ఆకలిగాలే" అనుకొని లోపటికి పోయింది.

పన్నెండుకు పది నిమిషాలుందనంగ కావ్య తాత చెవుల గొణిగింది, "తాతా, పన్నెండు దాటితే భంతేలు ఏం తినరని నువ్వే అంటివి గదా?"

హన్మయ్య రెండు చేతులు నెత్తిన పెట్టుకున్నడు. "ఓ సారలా! బువ్వ పెట్టలేదానే!"

"ఆయన అడిగిండా?"

"అడగడే! నాకిది పెట్టు అని వాళ్లు నోరు దెరిచి అడగరు. అది వాళ్ల నియమం!"

"గా ముక్క పొద్దటి సంది నీ నోట్లెకెళ్లి రాలేదా? దేవుడున్నడా లేడా అని మాత్రం మస్తు ఊదుతున్నవ్!"

ఇగ రొట్టె లేదు ఏం లేదు. హన్మయ్యనే లోపటికి ఉరికి, అన్నం గిన్నె, పప్పు గిన్నె, కూర గిన్నె దెచ్చి భంతే ముంగట చాప మీద దబదబ పెట్టిండు. "కానియ్యుండ్రి భంతే, కానియ్యుండ్రి."

భంతే తల వంచుకొని కూసున్నడు. గిన్నె ముట్టలే. ఒక నిమిషమైంది. రెండు నిమిషాలైంది. ముంగట బువ్వ పొగలు గక్కుతుంది, ఆయన చెయ్యి కదుల్తలేదు.

సారలమ్మ గడప పట్టుకొని నిలవడ్డది.  ముట్టడా? ఈయన గూడ ముట్టడా? మూడేండ్ల సంది చాప మీద పక్కన కూసున్నది ఉత్తదేనా? ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఎవ్వలు సూడొద్దని కొంగు అడ్డం బెట్టుకుంది.

కావ్య ఫోన్ల గెలికి గెలికి లేసింది. "అమ్మమ్మా! ముంగట పెట్టుడు గాదంట, చేతితోని ఇయ్యాలెనంట! మనం ఇస్తెనే దీసుకుంటరంట!"

సారలమ్మ కొంగు దీసింది. "ఇయ్యంది దీసుకోవద్దు." రోజు పొద్దున తన నోటితోని అనే మాటనే. గోడకున్న బుద్ధుని దిక్కు సూసి, "నా మట్టి బుర్ర" అనుకున్నది. గంటె అందుకొని అన్నం గిన్నె కాడ కూసుంది.

అప్పుడే వాకిట్ల కారు ఆగింది. ఉమామహేశ్వర్ సారు చెమటలు తుడుసుకుంట లోపటికొచ్చి, గిన్నెలు సూసి, చేతి గడియారం సూసుకున్నడు. "అయ్యో, ఇంకా భోజనం కాలేదా? పన్నెండు దాటి రెండు నిమిషాలైందమ్మా. ఇప్పుడు పెట్టకూడదు. పెడితే ఆయన నియమం మనమే చెడగొట్టినట్టు."

హన్మయ్య గోడకు ఆనుకొని కూలవడ్డడు.  భంతే మాత్రం తల వంచుకొని గట్లనే ఉన్నడు, పెదవి కొసకు నవ్వు ఉన్నట్టే ఉంది.

సారలమ్మ గంటె కింద పెట్టలే. "సారూ, పన్నెండంటే ఏంది?"

"పన్నెండంటే మధ్యాహ్నమమ్మా. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ. అది దాటితే మర్నాడు తెల్లవారే దాకా ఆయన తినరు."

"మరి బుద్ధుని కాలంల గడియారాలుండెనా?"

"ఉండెనా ఏంది! అట్ల అడుగక్కా!" అని భూషణం ఎగిరి కూసున్నడు.

సారలమ్మ గంటె పట్టుకొనే వాకిట్లకు వచ్చింది. మొగులు జర ఇచ్చుకొని ఎండ గొడ్తుంది. బట్టలారేసే ఇనుప గుంజ కాడికి పోయి వంగి సూసింది. కూలికి పోయే దినాలల్ల ఆడోళ్లకు గడియారం యాడిది బిడ్డా. నీడ కాళ్ల కిందికి రావాలె, సద్ది మూట ఇప్పాలె. దొర జీతగాడు ఇంకింత పని గుంజుకుందామని "ఇంక పొద్దుందే" అంటే, సారలమ్మ కట్టె నాటి నీడ జూపెట్టి కొట్లాడేది. గా లెక్కల ఆమెను గెలిసినోడు ఆ ఊర్లె లేకుండె.

గుంజ మొదట్ల చేతి ఏళ్లు నాలుగు ఆనించి నీడ కొలిసింది. "సారూ, ఇటు రా. నీడ ఇంక పడమటి దిక్కే ఉంది. నాలుగేళ్ల మందం. పొద్దు ఇంక నెత్తికెక్కలే."

ఉమామహేశ్వర్ సారు వచ్చి వంగి సూసిండు. అద్దాలు దీసి తుడుసుకొని మల్ల సూసిండు. ఫోన్ దీసి ఏందో గెలికిండు. గెలికి నాలిక కరుసుకున్నడు.

"అమ్మా, నువ్వే కరెక్టు. ఈ గడియారం టైము దేశం మొత్తానికి ఒక్కటే. మన హైదరాబాద్ మీదికి సూర్యుడు వచ్చేది ఇవాళ పన్నెండూ ఇరవైకి. నలభై ఏళ్లు సైన్సు చేశాను, ఈ గడియారాన్ని నమ్ముకుని మోసపోయాను!"

హన్మయ్య లేసి ఉరికొచ్చిండు. "నిజమేనా భంతే?"

"నిజమే తాతా. నేను గూడ గడియారం సూడ, నెత్తి మీది పొద్దునే సూసుకుంట" అన్నడు భంతే.

సారలమ్మ నడుమున చెయ్యేసుకుంది. "మరి గా మాట అప్పుడే జెప్పొద్దా అయ్యా! ఇంట్ల సావు పడ్డట్టు కూసుంటిమి!"

"జెప్తే బువ్వ అడిగినట్టైతది గదమ్మా" అన్నడు ఆయన.

ఇగ ఆ నవ్వులు గల్లీ మొగదాక ఇనవడ్డయ్. కావ్యకైతే పొట్ట పట్టుకొని కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

సారలమ్మ చేతులు కడుక్కొని చాప మీద కూసుంది. భంతే రెండు చేతులతోని పాత్ర ముంగటికి పట్టిండు. ఆమె గంటెడన్నం ఎత్తింది. మెతుకులు రెండు కింద పడ్డయ్. పాత్రల అన్నం పడ్డది. పప్పు పడ్డది. పాత్ర ఎనకకు పోలే, ఆయన చెయ్యి ఎనకకు పోలే. కండ్లు మూసుకొని రెండు మాటలనుకొని మొదటి ముద్ద నోట్లె పెట్టుకున్నడు. సారలమ్మ ఆ ముద్ద గొంతు దిగేదాక సూసింది. దిగింది. అప్పుడు ఆమె ఊపిరి ఇడిసింది.

కావ్య గుంజ కాడ నిలవడి కేకలు. "మూడేళ్ల నీడే ఉంది అమ్మమ్మా! ఇగ రెండేళ్లే!"

"నువ్వు ఊకోయే, మనిషిని బెదిరియ్యకు!" అని సారలమ్మ కసిరింది, గాని తొందర మాత్రం జేసింది. బెల్లమన్నం ఒకసారి ఏసింది, రెండుసార్లు ఏసింది. మూడోసారికి భంతే పాత్ర మీద అరచెయ్యి అడ్డం బెట్టిండు. అయినా ఏళ్ల సందులకెళ్లి ఇంకింత జారిడిసింది. "ఇయ్యంది దీసుకోవద్దన్నరు గాని, ఇచ్చింది వద్దనొద్దని గూడ ఉండాలె శీలాలల్ల" అన్నది. ఆరో శీలం సారలమ్మదని ఉమామహేశ్వర్ సారు ఇప్పటికీ అంటడు.

నీడ ఏలు మందం మిగిలిందనంగ భంతే చెయ్యి కడుక్కున్నడు. అందరికి మంగళం కోరుతూ పాళీల నాలుగు మాటలు జదివిండు. పదిమంది "సాధు, సాధు, సాధు" అన్నరు. అందరికన్న గట్టిగ భూషణం అన్నడు. దేవుడు లేని కాడ అంత గొంతెందుకు బావా అని హన్మయ్య అడిగితే, "బెల్లమన్నం ఉంది గదా" అన్నడు.

అందరికి పెట్టినంక సారలమ్మ పెనం ఎక్కించి, తడిపిన పిండి పాడుగావద్దని ఉత్తగనే రొట్టెలు జేస్తుంది. హన్మయ్య వచ్చి పీట మీద కూసున్నడు. "ఏమనిపించిందే?" అన్నడు.

"ఏమనిపిస్తది? ఉప్పు సరిపోయింది" అన్నది. రొట్టె తిరగేసింది. "పచ్చిపులుసు పొయ్యనే మరిసిన. నా పచ్చిపులుసు సంగతి ఆయనకు ఎరికెనే గాలే. వచ్చే పున్నమి గూడ నాదే. అందరికి జెప్పు."

గంతే బిడ్డా. ఇగ ఆపు. రాసింది నా తమ్ముడు, మీ చిన్నతాత బాలరాజుకు వినిపియ్యాలె. మోకాలు ఆపరేషన్ అయి గోదావరిఖనిల మంచం మీద ఉన్నడు, లేకుంటే ఆనాడు వాడూ వచ్చేటోడే. ఫోన్ల రాసి పంపకు, వాని కండ్లకు ఆ చిన్న అక్షరాలు అందయ్. మాపటికి ఫోన్ జేసి నువ్వే సదువు. మెల్లగ సదువు. నవ్వితే వానికి దగ్గొస్తది, దగ్గు ఆగినంక మల్ల మొదలువెట్టు.