కూతవేటు దూరం

నేను ఒక టాబ్లెట్‌ని. పలకంత ఉంటాను, పలక చేసే పని మాత్రం ఒక్కటీ చేయను. ఈ మాటలు గొప్పలు పోవడానికి చెప్పుకోవడం లేదు. నా వల్ల ఒక తప్పు జరిగింది. దాన్ని ఎవరూ నా మీద వేయలేదు. వేసి నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. వాళ్ళు తిట్టరు కాబట్టి నేనే ఒప్పుకుంటున్నాను, వినండి.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ఫ్యాక్టరీలో, చేతులకు తొడుగులు వేసుకుని వరసగా కూర్చున్న అమ్మాయిల ముందు నుంచి జరుగుతూ జరుగుతూ తయారయ్యాను. చివర్లో ఒక అమ్మాయి నా స్పీకరు దగ్గర చెవి పెట్టి, పాట పెట్టించి, బాగా మోగుతోందని కాగితం మీద టిక్కు కొట్టింది. అంతే, డబ్బాలో పడ్డాను.

ఒక మొబైల్ నెట్‌వర్క్ కంపెనీ తన సిమ్ము నా పొట్టలో పెట్టి, ఊరూరా ఒకే రోజున నన్ను విడుదల చేసింది. నా వంతుకు నర్సీపట్నం షోరూము వచ్చింది. విడుదల రోజున గుమ్మానికి మామిడాకులు కట్టారు. మేనేజరు దొరబాబు గుమ్మడికాయ కొట్టించి, మా డబ్బాలకు కుంకుమ బొట్లు పెట్టాడు. 'ఇక ఎవరూ దూరం కాదు' అని రాసిన పెద్ద పోస్టరు కింద నన్ను నిలబెట్టారు. నాలాంటిదాన్నే ఇంకొకదాన్ని షోరూము లోపలి చివర పెట్టారు. ఇక్కడ నిలబడి చేయి ఊపితే అక్కడ కనబడుతుంది. జనం వచ్చి ఊపి, నవ్వుకుని వెళ్ళేవారు. ఇరవై అడుగుల దూరంలో తిన్నగా కనబడుతున్న మనిషిని నాలో చూసుకుని మురిసిపోవడం మనుషులకే చెల్లింది.

ఇక్కడే నా మొదటి అబద్ధం. ఆ బొమ్మ నడిచింది కంపెనీ టవరు మీద కాదు, షోరూము గోడకు బిగించిన వైఫై మీద. నా నెత్తి మీద మూలన దాని గుర్తు వేసే ఉంచాను, కాదనను. కానీ ఆ గుర్తును ఎవరు చూస్తారు? చూడరని నాకు తెలుసు.

మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. ఆయన సూరిబాబు, బస్టాండు పక్కన టిఫిన్ల బండి నడుపుతాడు. ఆవిడ నూకరత్నం, జాకెట్లు కుడుతుంది, పుట్టినప్పటి నుంచీ వినబడదు, మాట లేదు. జనం అంతా నాలో ముఖాలు చూసుకుంటే నూకరత్నం చేతులు చూసింది. తన చేతులు అక్కడ, లోపలి తెర మీద కదులుతున్నాయి. అలాగే నిలబడిపోయింది. తరువాత మొగుడి చొక్కా పట్టుకుని లాగి, గబగబా ఏదో సైగ చేసింది.

కౌంటరు దగ్గరున్న హైమ అనే అమ్మాయిని సూరిబాబు అడిగాడు. "అమ్మాయ్, మా మరదలు కొండ మీదుంటాది, గొందిమెట్టలో. ఆ పిల్లకీ దీనిలాగే యినబడదు. ఆలిద్దరి సైగలూ ఆలిద్దరికే తెలుసు, నాక్కూడా సగమే. ఆ ఊళ్ళో సిగ్నలుంటాదా?"

హైమకు గొందిమెట్ట తెలియదు. దొరబాబు వైపు చూసింది. దొరబాబు గోడ మీద జిల్లా పటం వైపు చూశాడు. పటం మొత్తానికీ కంపెనీ రంగు పులిమి ఉంది. "ఉంటాదండి బాబాయ్" అంది హైమ. నేను ఆ క్షణంలో నెత్తి మీద గీతలన్నీ నిండుగా చూపిస్తూ పక్కనే ఉన్నాను. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రెండు తీసుకున్నారు, అక్కకొకటి, చెల్లెలికొకటి. నేను చెల్లెలి వంతు. డబ్బాలో పెట్టే ముందు హైమకు ఒక మంచి ఆలోచన వచ్చింది. నిజంగా మంచి ఆలోచనే, ఆ పిల్ల మనసు మంచిది. "వీళ్ళకి సౌండెందుకు బాబాయ్, తీసేస్తున్నాను. బ్యాటరీ మిగులుతాది" అని నా గొంతు సున్నాకు దించేసింది.

చెల్లెలి పేరు వరహాలు. అప్పుడు మూడో నెల. మొగుడు లోవరాజు కాఫీ గింజలు ఆరబెట్టే కళ్ళంలో పని చేస్తాడు, నెమ్మదస్తుడు. గొందిమెట్టలో సిగ్నలు లేదు. ఇంట్లో లేదు, వీధిలో లేదు, అరుగెక్కినా లేదు. లోవరాజు నన్ను తలకెత్తుకుని ఊరంతా తిరిగాడు. చివరికి ఊరి పైన, ఘాటు రోడ్డు మలుపులో ఉన్న కల్వర్టు దగ్గర రెండు గీతలు వెలిగించాను. ఇంటి నుంచి అక్కడికి నిలువుగా ఎక్కాలి. వద్దు, తిరిగిచ్చేద్దామన్నాడు లోవరాజు. వరహాలు నన్ను గుండెకు అదుముకుని తల అడ్డంగా ఊపింది.

అలా గురువారం నాలుగు గంటలు అక్కచెల్లెళ్ళ వేళ అయింది. కల్వర్టు పిట్టగోడ మీద నన్ను నిలబెట్టి, వరహాలు ఎదురుగా రాయి మీద కూర్చునేది. చేతులు కనబడాలి కాబట్టి నడుము నుంచి పైకి పట్టేలా సర్దుకునేది. అక్కడ నర్సీపట్నంలో నూకరత్నం కూడా అంతే. ఎంత మాట్లాడుకునేవారో చెప్పలేను. చెవి తమ్మె పట్టుకుంటే వాళ్ళమ్మ. రెండు అరచేతులు ఎదురెదురుగా పెడితే నేను. నాకూ ఒక సైగ పెట్టుకున్నారు చూడండి, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను రాక మునుపు నూకరత్నం నెలకోసారి బస్సెక్కి కొండకు వచ్చేదట. వచ్చిన పూట చెల్లెలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పసుపు రాసేదట. నేను వచ్చాక ఆ రాక ఆగిపోయింది. వారం వారం కనబడుతుంటే బస్సెందుకు? పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్లు గుట్టలు పడి ఉన్నాయి.

ఏడో నెలలో వరహాలు కాళ్ళు వాచాయి. నేను చూశాను. కల్వర్టుకు ఎక్కేటప్పుడు నన్ను చంకలో పెట్టుకునేది కదా, నా కన్ను కిందికే ఉండేది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయేవి. ఆఖరికి చెప్పులు మానేసి ఉత్త కాళ్ళతో ఎక్కింది. మధ్యలో ఆగి కణతలు నొక్కుకునేది. పైకి వచ్చాక చెమట తుడుచుకుని, జుట్టు సర్దుకుని, నా ముందు నవ్వుతూ కూర్చునేది. నడుము పైన అంతా బాగానే ఉంది. నేను అదే చూపించాను.

అక్క అడగకపోలేదు. కాళ్ళు చూపించమని ఒకసారి సైగ చేసింది. వరహాలు బాగున్నాయంది. చెబితే ఇక కొండెక్కవద్దంటుంది, గురువారం పోతుంది. ఆ భయం ఆ పిల్ల ముఖంలో నాకు స్పష్టంగా కనబడింది. కడుపుతో ఉన్నవాళ్ళను చూసే నర్సమ్మ ఊళ్ళోకి వచ్చిన రోజు కూడా గురువారమే అయింది, ఆమె వచ్చి వెళ్ళేసరికి మేము కల్వర్టు దగ్గర ఉన్నాం.

ఎనిమిదో నెల. ఆ గురువారం వరహాలు సగం మాటలో కళ్ళు నులుముకుంది. మసకగా ఉందని సైగ చేసి, లేవబోయి, ముందుకు తూలి నన్ను తోసుకుంటూ పడిపోయింది. నేను గులకరాళ్ళ మీద వెల్లకిలా పడ్డాను. నా పక్కనే ఆమె ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఫిట్స్ అంటారని తరువాత తెలిసింది. నా కంటికి ఆకాశం తప్ప ఏమీ లేదు. అక్కకు కూడా ఆకాశమే కనబడింది.

నూకరత్నం అరిచింది.

ముప్పై ఏళ్ళుగా వాడని గొంతు అది. మాట కాదు, పేరు కాదు, కడుపులో నుంచి పెళ్ళగించుకుని వచ్చిన కేక. నర్సీపట్నంలో వాళ్ళ వీధి మొత్తం పరిగెత్తుకుని వచ్చిందట. గొందిమెట్టకు ఫోను చేద్దామంటే ఊళ్ళో సిగ్నలు లేదు. ఇక్కడ, కల్వర్టు కింద మిరియాల తోటలో ముగ్గురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. కూతవేటు దూరం కూడా లేదు. వాళ్ళు చెప్పుకుంటున్న కబుర్లు నాకు వినబడుతున్నాయి. ఆ కేక మళ్ళీ మళ్ళీ నా దాకా వచ్చింది. నా గొంతు సున్నా మీద ఉంది. బాగా మోగుతుందని టిక్కు కొట్టించుకున్న గొంతు నాది. ఒక్క చుక్క శబ్దం బయటికి వదల్లేదు.

పని ముగించుకుని ఇళ్ళకు పోతూ ఆ ఆడవాళ్ళు మమ్మల్ని చూసేసరికి నలభై నిమిషాలయింది. అటుగా వచ్చిన జీపు ఆపి ఎక్కించారు. వరహాలు బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమని డాక్టరమ్మ లోవరాజుతో అంది. నేను అతని సంచిలో ఉన్నాను.

నా అద్దం పగిలిందని లోవరాజు నన్ను షోరూముకు తీసుకువెళ్ళాడు. జరిగింది చెప్పాడు. హైమ నన్ను తిప్పి చూస్తూ పక్క మీట నొక్కి, తెర మీద సౌండు సున్నా అని చూసి ఆగిపోయింది. "సౌండు నేనే తీసేశాను కదన్నా" అంది.

"నీదేటి తప్పు చెల్లీ. ఆలిద్దరికీ సౌండేటికని నేనూ అనుకున్నాను" అన్నాడు లోవరాజు. హైమ ఏడుస్తూనే నా గొంతు పూర్తిగా పెంచింది. ఎవరి తప్పు వాళ్ళు వెతుక్కుంటున్నారే తప్ప, మధ్యలో బల్ల మీద పడుకున్న నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఒళ్ళు కుదుటపడేదాకా వరహాలును అక్క తన ఇంట్లో ఉంచుకుంది. నన్ను కుట్టు మిషను పక్కన పెట్టారు, ఎవరూ ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం సూరిబాబు అన్నం తింటూ లోవరాజుతో అన్నాడు. "తొమ్మిదేళ్ళ కాపరంలో దాని గొంతు నేను యినడం అదే. ఏ జంతువునో కోసేస్తన్నారనుకున్నాను." వాళ్ళిద్దరూ నూకరత్నం వైపు చూడడం వరహాలు గమనించింది. ఏమిటని అక్కను అడిగింది. నేను పడిపోయినప్పుడు నువ్వేం చేశావు, అని.

నూకరత్నం తన గొంతు చూపించి, నోరు తెరిచి, చేయి దూరంగా విసిరింది.

వరహాలు దగ్గరికి జరిగి, అక్క గొంతు మీద అరచేయి ఆనించింది. మళ్ళీ, అని సైగ చేసింది. నూకరత్నం సిగ్గుపడింది, మొగుడి వైపు చూసింది. వరహాలు చేయి తీయలేదు.

నూకరత్నం కళ్ళు మూసుకుని అరిచింది. అదే కేక. వీధిలో వాళ్ళు గుమ్మంలోకి వచ్చేశారు. సూరిబాబు ఎంగిలి చేత్తోనే లేచి, ఏమీ లేదని వాళ్ళను ఆపాడు. వరహాలు కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక చేయి అక్క గొంతు మీదే ఉంచి, రెండో చేత్తో తన చెవిని తాకింది.

వినబడింది, అని.