సున్నా అనుకున్న గడప

మా వాకిలికి ఎదురుగా ఉన్న గుట్ట అంతా ఊరి చెత్తే. పదకొండేళ్ళ కిందట లారీలు రావడం ఆపి, పైన మట్టి కప్పి, గడ్డి పెంచారు. లోపల చెత్త కుళ్ళేకొద్దీ గుట్ట కుంగుతుంది. ఎంత కుంగుతుందో, ఎప్పటికి ఆగుతుందో లెక్కగట్టడానికి కొలతలాయన ఆరు నెలలకోసారి వచ్చేవాడు. మా గడపరాయిలో ఒక మేకు దిగ్గొట్టాడు. కొలబద్దని ముందు దాని మీద, తర్వాత గుట్ట మీద పాతిన పలకల మీద నిలబెట్టి చూసేవాడు.

"మీ గడప కదలదమ్మా. అందుకే దీన్ని సున్నా అనుకుని గుట్టని కొలుస్తాం" అన్నాడు మొదటిరోజే.

ఇంట్లో ఉండేది నేనూ, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలూ. మమ్మల్ని కట్టుకున్న అన్నదమ్ములిద్దరూ పోయాక మాది ఒకే పొయ్యి. ఎవరైనా సంచి సర్దితే చాలు, నా గుండె జారిపోతుంది. అక్క నాలుగు రోజులు కూతురి దగ్గరికి వెళ్ళినా, ఆ నాలుగు రోజులూ గుమ్మంలోనే కూర్చుంటాను.

కిందటేడు వంటింటి తలుపు పట్టేయడం మొదలైంది. గిన్నెలో పాలు ఒక పక్కకి ఒరిగి కాగేవి. కొలతలాయనకి చెప్పాను.

"చెక్క ఉబ్బి ఉంటుందమ్మా. ఇదుగో, చూడండి" అని గుట్ట కుంగిన లెక్క గీసిన కాగితం విప్పాడు. మొదట నిటారుగా దిగిన గీత పోనుపోను చదునైపోయింది. "గుట్ట అనుకున్నదానికంటే తక్కువే కుంగింది. ముప్పై ఏళ్ళు మీకే భయమూ లేదు."

"విన్నావా? అనుమానం పెనుభూతం. నాయనా, దీని భయాన్ని కొలిచే బద్ద లేదా నీ దగ్గర?" అంది అక్క.

"ఉన్నదానికి పొడుగు చాలదు పెద్దమ్మగారూ!"

నేనూ నవ్వాను. తలుపు మాత్రం పట్టేస్తూనే ఉంది.

ఈసారి ఆయన దూరంగా ఉన్న వంతెన స్తంభం నుంచి కొలుచుకుంటూ వచ్చాడు. చెత్త ఇంత తక్కువ కుంగడమేమిటని పైఅధికారి అడిగాడట. మా గడప దగ్గర రెండుసార్లు చూశాడు. మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

"మీ గడప జానెడు దిగిందమ్మా. మీ ఇంటి కిందా పాత చెత్తగుంట ఉన్నట్టుంది. గుట్టతోపాటు గడపా దిగుతుంటే, గుట్ట ఆగినట్టు కనబడింది నాకు."

"కంచే చేను మేసిందన్నమాట" అంది అక్క. ఎవరూ నవ్వలేదు.

"ఇంకా ఎంత దిగుతుంది?" అని అడిగాను.

"మళ్ళీ మొదట్నుంచి లెక్క వేయాలి. అందాకా మీరు ఇందులో ఉండకూడదు."

నాకు ముందే తెలుసు. తెలిసి ఏం చేయగలిగాను? పది రోజుల్లో ఖాళీ చేయమన్నారు. అక్క కూతురి ఇంట్లో ఇంకొక్క మంచానికే చోటుంది. నన్ను మా తమ్ముడు రమ్మన్నాడు. అక్కడికి రైల్లో ఒక పగలంతా ప్రయాణం.

"ఏడవకే. లెక్క తేలగానే ఇద్దరం వచ్చేద్దాం" అంది అక్క, ఆటో ఎక్కుతూ. ఆమెకి డెబ్బై ఆరు. కొత్త గీత గీయాలంటే రెండేళ్ళ కొలతలైనా కావాలని కొలతలాయన నాతో చెప్పాడు. అక్కకి నేను చెప్పలేదు.

మర్నాడు ఆయన వచ్చేసరికి సంచి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉన్నాను.

"కొంచెం లేస్తారా అమ్మా?"

లేచాను. కొలబద్ద మేకు మీద నిలబడింది.

"ఎంత?" అన్నాను.

"ఈ పది రోజుల్లో గోరంత."

అక్కకి చెబుదామని లోపలికి తిరిగాను.