తూకానికి సరిపోయినవాడు

సిలార్ ఒకప్పుడు జిల్లా తరఫున కబడ్డీ ఆడినవాడు. మోకాలు పోయాక పొన్నూరు కుర్రాళ్లకు ఆట నేర్పుతున్నాడు. నేర్పడమంటే నీళ్లు మాన్పించడమే అనుకునే రకం. "మా రోజుల్లో నాలిక పిడచకట్టుకుపోయినా చుక్క ముట్టేవాళ్లం కాదు" అని ఛాతీ విరుచుకునేవాడు. ఆ రోజుల్లో ఎంతమంది సొమ్మసిల్లి పడిపోయారో మాత్రం చెప్పేవాడు కాదు.

రెండు వేల మూడు, మే నెల. సాయంత్రం నాలుగింటికి జిల్లా జూనియర్ జట్టు ఎంపిక. అరవై అయిదు కిలోలు దాటినవాడికి చోటు లేదు. సిలార్ శిష్యుల్లో నిజంగా ఆట వచ్చినవాడు కోటేష్ ఒక్కడే, వాడేమో పొద్దున తూస్తే కిలోన్నర ఎక్కువున్నాడు. పదిహేనేళ్లుగా తన చేతిలోంచి ఒక్కడూ జిల్లాకు ఆడలేదు. ఈసారీ తప్పిపోతే తనను ఇక ఎవరూ మాస్టారని పిలవరని సిలార్ భయం.

యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచికి మెడకూ చేతులకూ కన్నాలు కోసి కోటేష్‌కు తొడిగాడు. దాని మీద స్వెట్టరు. పన్నెండింటికి కాలవ గట్టు మీద పరుగు మొదలైంది. ముందురోజు పడ్డ జల్లుకు నేల ఆవిర్లు కక్కుతోంది. ఆకు కదలడం లేదు.

"మాస్టారూ, పుక్కిలించి ఊసేస్తానండి. మింగను."

"మింగవని నాకేంటి నమ్మకం? పరిగెత్తరా."

రెండున్నరకు కోటేష్ ఒంటిమీద చెమట ఆగిపోయింది. మెడ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. అది చూసి సిలార్ మురిసిపోయాడు, మూర్ఖుడు. "ఒంట్లో నీరంతా దిగింది. ఇంకో నాలుగు రౌండ్లు చాలు."

"గేదెల్ని తోలుకొస్తా నాన్నా" అని గొణిగాడు కోటేష్.

"ఇక్కడ మీ నాన్నెవడ్రా?" అని నవ్వాడు సిలార్.

మూడో రౌండులో కోటేష్ బోర్లా పడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఆటోలో ఆసుపత్రికి బయల్దేరారు. ఎంపిక జరిగే హైస్కూలు ఆ దారిలోనే ఉంది. రెండు నిమిషాల పనే గదా అని సిలార్ అక్కడ ఆటో ఆపించాడు. కాటా మీద నిలబెడితే నిలవడం లేదని, మిరపకాయల బస్తాను దించినట్టు అడ్డంగా పడుకోబెట్టాడు. అరవై నాలుగు కిలోల ఎనిమిది వందలు.

"ఏమైందండి ఇతనికి?" అన్నాడు తూకం చూసేవాడు.

"కొంచెం నీరసం. పేరు రాసుకోండి."

రాసుకున్నాడు. సంతోషంతో సిలార్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆసుపత్రిలో డాక్టరు కోటేష్ కనురెప్పలెత్తి చూసి, చాలాసేపు నాడి వెతికి, చెయ్యి వదిలేశాడు. చెమట ఎప్పుడు ఆగిందని అడిగాడు.

"రెండున్నరకండి."

"పరుగు ఎప్పుడు ఆపించావు?"

సిలార్ కోటేష్ జుట్టుకంటిన మట్టి దులపసాగాడు.

"చెమట ఆగిందంటే ఒళ్లు చేతులెత్తేసిందని అర్థమయ్యా. అప్పుడే నీడకు లాగి, తల మీద నీళ్లు గుమ్మరించి తీసుకొస్తే బతికేవాడు."

బయట మెట్ల మీద కోటేష్ తండ్రి బాపయ్య ఎదురొచ్చాడు. చేతిలో స్టీలు క్యాను, మొహం నిండా నవ్వు.

"హైస్కూలు దగ్గర చెప్పారండి, మావాడి పేరు రాసుకున్నారంట. నీరసంగా ఉంటే ఇటు తీసుకొచ్చారన్నారు. తూకం అయిపోయింది గదా, మజ్జిగ తెచ్చాను. ఇప్పుడు తాగొచ్చుగా మాస్టారూ?"

సిలార్ తలూపి క్యాను అందుకున్నాడు.