మొలకలు తీసేసిన బొమ్మ

స్టవ్ తుడుస్తుంటే ఎడమకంటి వెనక మళ్లీ పోటు మొదలైంది. గట్టు పట్టుకుని నిలబడ్డాను. “పని అనగానే తలనొప్పి వచ్చేస్తుందమ్మా నీకు,” అన్నారు అత్తయ్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా. మా ఆయన నవ్వారు. ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ ఆయనే నా పై అధికారి. నవ్వే హక్కు రెండుచోట్లా ఆయనదే.

మెదడు స్కానుల్లోంచి రక్తనాళాల అల్లికను గీతలుగా విడదీసి చూపించే సాఫ్ట్‌వేర్ మాది. గీతల పక్కన పొట్టి మొలకలు లేస్తుంటాయి. చాలామటుకు అవి స్కాను మసక వల్ల వచ్చే చెత్తే. ఏ పొడవు లోపువి తీసేయాలో హద్దు పెట్టేది నేను. రేపు ఆస్పత్రివాళ్లకి చూపించాలి. “హద్దు పెంచు. బొమ్మ కడిగిన ముత్యంలా ఉండాలి. చిన్న విషయాలకి రాద్ధాంతం చేయకు,” అన్నారాయన. ఈ చివరి మాట నాకు కంఠతా వచ్చు. నాకు జ్వరమొచ్చినా అదే, నలుగురి ముందూ మరిది నా జీతాన్ని చేతిఖర్చు అని వెక్కిరించినా అదే. నేనూ సరేననుకుని ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాను. సంసారం నున్నగా కనిపించేది.

వంటిల్లు సర్ది, లాప్‌టాప్ తెరిచి హద్దు పెంచాను. నమూనా స్కాను నాదే. కొత్త మెషిన్ పరీక్షకి ఎవరు పడుకుంటారంటే, “మా ఆవిడ ఉందిగా,” అన్నారాయన. బొమ్మ అందంగానే వచ్చింది. మనసొప్పక హద్దు సున్నాకి దించి చూశాను. మొలకలు ముసిరాయి. వాటిలో ఒకటి ఎడమకంటి వెనక, నాళం రెండుగా చీలేచోట ఉంది. అసలు స్కాను తెరిచి పొర తర్వాత పొర చూశాను. వరుసగా నాలుగైదు పొరల్లో ఉంది, గుండ్రంగా ఉబ్బి. మసక కాదు. ఉబ్బిన నాళం గోడ పలచబడి పగలొచ్చని రేపటి ప్రదర్శన మొదటి పేజీలో నేనే రాశాను. చచ్చేంత భయమేసింది.

ఆయన్ని పిలిచి చూపించాను. కాసేపు చూశారు.

“హద్దు పెంచితే పోతుందిగా.”

“బొమ్మలోంచి పోతుందండీ.”

“రేపటిదాకా ఆగలేవా?”

చెప్పులేసుకుని బయటికొచ్చాను. వరండాలో మళ్లీ పోటు. ఈసారి ఏదో ఒకటి పట్టుకుని ఊరుకోలేదు. ఎదురింటి టీచరుగారి తలుపు దబదబా బాదాను.

“నన్ను ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇది చిన్న విషయం కాదు.”